ముప్ఫై జ్వరాలు

ఫిబ్రవరి 9

ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నానో నన్ను నేను అడగడం లేదు.

రిటైరైన అరబిక్ టీచరుకి నైలు ఒడ్డున ఈ మన్సూరాలో రెండే పనులు. ట్యూషన్లు చెప్పడం, లేకపోతే ట్యూషన్లు చెప్పేవాళ్ళను తిట్టుకుంటూ బాల్కనీలో కూర్చోవడం. వేసవి నుంచి నేను రెండోది చేస్తున్నాను. ఇవాళ డాక్టర్ రిఫ్అత్ స్వయంగా ఫోన్ చేశాడు. యూనివర్సిటీలో సాహిత్యం చెప్పే డాక్టరు, సూదులు వేసే డాక్టరు కాదు. అయినా 'డాక్టరుగారూ' అనకపోతే పలకడు. ఆయన అధ్యక్షుడిగా ఉన్న సంఘం బడిపిల్లలకు వ్యాసాల పోటీ పెట్టిందట. ఎంపికైన ముప్ఫై వ్యాసాలు మార్చి ఇరవై ఒకటికల్లా, అంటే తల్లుల పండగకి, పుస్తకంగా రావాలి. వాటిని దిద్ది అచ్చుకి ఇవ్వడం నా పని.

"పెద్దగా శ్రమేం ఉండదు సుహైరమ్మా. అక్కడో కామా, ఇక్కడో చుక్క. పిల్లలు బంగారంలా రాశారు" అన్నాడు.

అంశం: మా ఇంట్లో నేను గర్వపడే మనిషి.

బంగారమట. చూద్దాం.

ఫిబ్రవరి 11

ఛీ.

ఏడు వ్యాసాలు చదివాను. ఏడూ 'ఈ మహోన్నత విషయం గురించి రాయబూనగానే నా కలం వణికింది, అక్షరాలు సిగ్గుతో తలవంచాయి' అని మొదలయ్యాయి. ఈ వాక్యాన్ని ట్యూషన్లలో బట్టీ పట్టిస్తారని నాకు తెలుసు. నైలు నది మీదైనా, పొగతాగడం మీదైనా, సైన్యం మీదైనా ఇదే వాక్యం. నా ఉద్యోగమంతా ఆ వణికే కలాలతోనే గడిచింది. దానికి మార్కులు కూడా వేశాను, వెయ్యకపోతే తండ్రులు గొడవకొచ్చేవాళ్ళు.

రెండో పేరాలో జ్వరం. 'ఒకనాటి రాత్రి నా దేహం నిప్పులకొలిమిలా కాలిపోతుండగా, కళ్ళు తెరిచి చూస్తే అమ్మ నా నుదుటి మీద తడిగుడ్డ మారుస్తోంది. తెల్లవారేదాకా ఆమె కన్ను మూయలేదు.' ఏడుగురు పిల్లలు, ఏడు జ్వరాలు. ఇంతమంది ఇలా పడిపోతుంటే ఆసుపత్రికి చెప్పాలి గాని నాకు పంపించారేమిటి?

నాకు జ్వరమొస్తే మా అమ్మకి కోపం వచ్చేది. "బట్టలు నానబెట్టిన రోజే రావాలా నీకు?" అని తిట్టి, పప్పు సూపు గిన్నె ఠప్పున ముందు పెట్టి వెళ్ళిపోయేది. ఆమె మీద ఎవరూ వ్యాసం రాయలేదు. నేనూ రాయలేదు.

ఫిబ్రవరి 12

ఇంకో నాలుగు జ్వరాలు.

ఫిబ్రవరి 15

ప్రెస్సుకి వెళ్ళాను. కంపోజింగ్ చేసే వగీహ్ సగం వ్యాసాలు అప్పటికే కంప్యూటర్లోకి ఎక్కించేశాడు.

"ఇవి టైపు చేస్తుంటే నీకేం అనిపించడం లేదా వగీహ్?"

"ఎందుకనిపించదు మేడమ్, ఆస్ప్రిన్ వేసుకోవాలనిపిస్తోంది."

"నవ్వకు. నాకు వాంతికొస్తోంది."

"నేను తెలివైనవాణ్ణి. జ్వరం పేరాని ఒకసారి టైపు కొట్టి పక్కన పెట్టుకున్నాను. వ్యాసం రాగానే అంటించేసి, అబ్బాయైతే 'కొడుకు' అనీ అమ్మాయైతే 'కూతురు' అనీ మారుస్తున్నాను. మిమ్మల్ని చూస్తే జాలేస్తోంది, ప్రతిదీ కొత్తగా చదువుతున్నారు."

చదవడమే కాదు, ఎర్రపెన్నుతో జ్వరాలన్నీ కొట్టేస్తున్నానని చెప్పాను. వాడు ప్రూఫులు తిరగేసి పెద్దగా ఈల వేశాడు. జ్వరం తీసేస్తే ఒక్కో వ్యాసంలో మూడు వాక్యాలు మిగులుతున్నాయి. ఆ మూడింట్లో ఒకటి వణికే కలం.

"పోనీండి, ఏదైనా తేడా వస్తే తప్పొప్పుల చీటీ ఉండనే ఉంది" అన్నాడు వగీహ్. వాళ్ళ ప్రెస్సులోంచి తప్పొప్పుల చీటీ అంటించకుండా పుస్తకం బయటికెళ్ళిన చరిత్ర లేదు. దానికి ఏ అధ్యక్షుడి సంతకమూ అక్కర్లేదట, దిద్దినవాళ్ళు రాసిచ్చింది రాసిచ్చినట్టు అంటించేస్తారట. ఎవరూ చదవరు కాబట్టి ఎవరికీ పట్టదు.

మధ్యాహ్నం డాక్టరు ఫోన్. జ్వరాలు కొట్టేస్తున్న సంగతి ఎవరు చేరవేశారో.

"తల్లి గురించి రాస్తూ జ్వరం లేకుండా ఎలాగమ్మా? పాఠకుడు దేనికి కరగాలి? వెనక్కి పెట్టెయ్యండి. ఇంకో మాట, అధమ్ వ్యాసం అస్సలు ముట్టుకోవద్దు. మొదటి బహుమతి వచ్చింది దానికి. వాడి గుండెలోంచి వచ్చిన మాటలవి."

అధమ్ ఆయన మనవడు. వాడి గుండెలోంచి కూడా జ్వరమే వచ్చింది. కాకపోతే తడిపే నీళ్ళలో వెనిగరు కలిపారు.

ఫిబ్రవరి 17

వెనక్కి పెట్టేశాను. నా పుస్తకమా ఏమన్నానా.

ఫిబ్రవరి 20

ఇవాళ్టిది ఆఖరి వ్యాసం. మిగతావన్నీ టైపు చేసి పంపారు, ఇది చేతిరాత. పేరు తస్నీమ్, ప్రిపరేటరీ రెండో సంవత్సరం, అంటే ఎనిమిదో తరగతి. కలం వణకలేదు. అక్షరాలు సిగ్గుపడలేదు. ఇక్కడ ఎత్తి రాసుకుంటున్నాను, ఎందుకో.

'మా అమ్మ పేరు ఇన్సాఫ్. మా బడి గేటు ఎదురుగా ఉన్న ఫోటోకాపీ షాపు మా అమ్మదే. మా ఊళ్ళో అందరికంటే ఎక్కువ వ్యాసాలు రాసింది మా అమ్మే, కానీ ఎక్కడా తన పేరు ఉండదు. తల్లి మీద, నైలు మీద, నీళ్ళు పొదుపు చెయ్యడం మీద, ఎవరేం అడిగినా రాసిస్తుంది. పక్కనే అంచు ఊడిన నీలం గిన్నెలో నీళ్ళుంటాయి. వేలు తడుపుకుని కాగితాలు లెక్కపెడుతుంది. వ్యాసంలో గిన్నె అవసరమైతే ఆ గిన్నే రాసేస్తుంది. కొత్త గిన్నె ఆలోచించడానికి తనకి తీరిక ఉండదు.

ఈ చలికాలం నాకు జ్వరం వచ్చింది. ఇంట్లో ఒక్కదాన్నే భయమేసి షాపుకి వెళ్ళి మిషను పక్కన అట్టపెట్టెల మీద పడుకున్నాను. అక్కడ వెచ్చగా ఉంటుంది. అమ్మ ఒక అబ్బాయికి వ్యాసం రాస్తోంది. అందులో ఆ అబ్బాయికి జ్వరం, వాళ్ళమ్మ తడిగుడ్డ మారుస్తోంది. అమ్మ నాకు చదివి వినిపించి బాగుందా అని అడిగింది. బాగుందన్నాను. నిజంగానే బాగుంది. ఆ అబ్బాయికి జ్వరం తగ్గేసరికి నాకు నిద్ర పట్టేసింది.

ఈ పోటీకి నాకు కూడా అమ్మ ఒకటి రాసిచ్చింది. అది దీనికంటే బాగుంది. కానీ తన మీద కూడా తనే రాసుకోవాలా అనిపించింది. అందుకని నేను రాశాను.'

అంతే. ముగింపు లేదు.

ఫిబ్రవరి 21

మళ్ళీ చదివాను. పెన్ను మూత తియ్యలేదు.

ఫిబ్రవరి 22

వ్యాసాలన్నీ మంచం మీద పరిచాను. నీలం గిన్నె, నీలం గిన్నె, నీలం గిన్నె. ఒక్కోచోట 'నీలి పాత్ర' అని నేనే మార్చాను, గొప్పగా ఉంటుందని. ఇరవై తొమ్మిదీ ఒకే మనిషి రాసింది. ఇన్నేళ్ళు పాఠం చెప్పినదాన్ని, పక్కపక్కన పెట్టుకుని రెండు వారాలు దిద్దాను, నాకు తట్టలేదు. పిల్లలందరూ ఒకేలా రాస్తారులే అనుకున్నాను.

అధమ్ దాంట్లోనూ 'అంచు ఊడిన నీలం గిన్నె' ఉంది. డాక్టరు కూతురింటికి నేను వెళ్ళాను. బల్లకి గీత పడుతుందేమోనని సాసరు కింద గుడ్డ వేస్తారు వాళ్ళు. ఆ ఇంట్లో అంచు ఊడిన గిన్నె!

తలుపు వేసుకుని పెద్దగా నవ్వాను. ఆ పిల్లకి ఒళ్ళు కాలిపోతుంటే వాళ్ళమ్మ ఊళ్ళోవాళ్ళ పిల్లల నుదుళ్ళు తడుపుతూ కూర్చుంది. ఆ పిల్ల దానికి కూడా గర్వపడింది.

ఫిబ్రవరి 25

డాక్టరు ఆఫీసు. కాఫీ ఇచ్చారు. వ్యాసం ముందు పెట్టాను. ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని చదివాడు, మళ్ళీ కిందికి లాక్కుని చదివాడు.

"పిల్ల అబద్ధాలకోరు" అన్నాడు.

"గిన్నె అబద్ధం కాదు డాక్టరుగారూ. మీ అధమ్ వ్యాసంలో కూడా ఉంది."

కాగితాన్ని వేలితో నా వైపు తోశాడు. బయట ఎవరో గుమాస్తా దగ్గుతున్నాడు.

"చూడండి సుహైరమ్మా, మీ మనసు మంచిది కాబట్టి చెబుతున్నాను. ఇది అచ్చయితే దెబ్బ ఎవరికి? ఆ తల్లికే. రేపు ఎవడో అధికారి వచ్చి షాపుకి తాళం వేస్తాడు. ఆ పిల్ల నోటికాడి అన్నం మనం లాగేసినట్టు కాదూ?"

"అయితే ఈ వ్యాసం తీసేద్దామా?"

"పేర్లు పత్రికలో వచ్చేశాయి, ఎలా తీస్తాం? దిద్దండి. మీరు ఉన్నది అందుకే కదా. తల్లి బట్టలు కుడుతుందని పెట్టండి. కష్టజీవి, బాగుంటుంది. ఒక జ్వరం పెట్టండి."

"జ్వరాలు ఇప్పటికే ఇరవై తొమ్మిది ఉన్నాయి."

"ముప్ఫై చెయ్యండి" అని కాఫీ తాగాడు.

ఆలోచిస్తానని చెప్పి వచ్చేశాను.

ఫిబ్రవరి 26

ఆలోచిస్తున్నాను. షాపు మూతపడితే ఆ పిల్ల గతేమిటి? నేను ఆలోచిస్తున్నది అదొక్కటే. డాక్టరంటే నాకేం భయం లేదు.

ఫిబ్రవరి 27

లేదు, భయం లేదు. పెన్షన్ వస్తోంది, ఆయన నన్నేం చేస్తాడు?

మార్చి 1

ఆవిణ్ణే అడుగుదామని వెళ్ళాను. వ్యాసం బ్యాగులో పెట్టుకున్నాను. బడి గేటు ఎదురుగా, తామియ్యా వడల బండి పక్కన చిన్న షాపు. వేగుతున్న నూనె వాసన, మిషను వేడి. ఇన్సాఫ్‌కి నలభై దాటి ఉండవు. చెవి మీద పెన్సిలు. కౌంటరుకి ఇవతల టై కట్టుకున్న ఒక తండ్రి. నీలం గిన్నె అక్కడే ఉంది. చూడగానే ఎప్పటినుంచో తెలిసినవాళ్ళు ఎదురైనట్టనిపించింది.

"మీవాడికి అక్కచెల్లెళ్ళున్నారా సార్?"

"ఉంటే ఏంటి?"

"ఏడిపించడం తేలిక."

"లేరు. ఒక్కడే."

"పోనీ తాతగారు?"

"ఆయన రాయిలా ఉన్నాడు."

"వ్యాసంలో పోయారని రాయనా? బలంగా ఉంటుంది."

ఆయన కాసేపు ఆలోచించి, "రాయమ్మా, మా ఆవిడ తరఫు తాత గురించి రాయి" అన్నాడు.

ఆవిడ నవ్వకుండా రాసుకుంది. తర్వాత నన్ను చూసి లేచి నిలబడింది. నా దగ్గర చదువుకోలేదు, అయినా ఈ వీధిలో అందరికీ నేను అబ్లానే, అంటే టీచరమ్మనే. "రండి అబ్లా, మీకేం కావాలి?"

బ్యాగులో చెయ్యి పెట్టాను. కాగితం తగిలింది.

"ఎర్రపెన్ను" అన్నాను.

ఇచ్చింది. తీసుకుని వచ్చేశాను. ఆవిడ పనిలో ఉంది. పనిలో ఉన్నవాళ్ళని అలాంటి విషయాలు కదిలించకూడదు.

మార్చి 3

రాసేశాను. తల్లి కుట్టుమిషను తొక్కుతుంది. సూది గుచ్చుకుని వేలు కాయకట్టింది. ఒక రాత్రి కూతురికి జ్వరం. మిషను ఆపి పక్కనే కూర్చుంది. నీళ్ళలో వెనిగరు కలిపింది. నీలం గిన్నె దానంతటదే వచ్చి కూర్చుంది, నేను పిలవలేదు.

ఎంత సులువుగా వచ్చిందో! చదివితే ఎవరికైనా ఏడుపొస్తుంది. షాపు నిలబడింది, పిల్ల పేరు పుస్తకంలో ఉంటుంది, ఇంతకంటే ఏం కావాలి వాళ్ళకి?

మార్చి 5

వగీహ్ టైపు చేస్తూ సగంలో ఆగాడు.

"ఇది ఆ చేతిరాత పిల్లదే కదా మేడమ్?"

"అవును. దిద్దాను."

"ఓహో."

ఆస్ప్రిన్ జోకు వెయ్యలేదు. జ్వరం పేరా పక్కన పెట్టుకున్నాడు కదా, అదీ అంటించలేదు. నేను రాసిన ప్రతి అక్షరం కొట్టాడు, కీలు గట్టిగా నొక్కుతూ. టీ చల్లారిపోయింది, ఇంకోటి కావాలా అని అడగలేదు. పిల్ల రాసిన కాగితం నా ముందుకి తోసి, "ఇది మీ దగ్గరే ఉంచుకోండి" అన్నాడు.

బ్యాగులో పడేసుకున్నాను.

మార్చి 10

అచ్చుకి వెళ్ళింది.

మార్చి 14

ఖమాసీన్ గాలి మొదలైంది. ఇల్లంతా ఇసుక. ఎంత తుడిచినా పళ్ళ కింద కరకరలాడుతోంది.

మార్చి 21

హాలు కిటకిటలాడింది. తల్లుల పండగ కదా, అందరి ఒళ్ళో బహుమతి డబ్బాలు, గిన్నెల సెట్లు, సెంటు సీసాలు. డాక్టరు ఉపన్యాసం. తల్లి అంటే బడి అట, తోట అట. తన తల్లికి ఫోన్ చేశాడో లేదో.

అధమ్ చదివాడు. రెండుచోట్ల తడబడ్డాడు. తన సొంత జ్వరం దగ్గర 'వెనిగరు' అన్న మాట తప్పు చదివి, మళ్ళీ చదివాడు. చప్పట్లు.

తర్వాత తస్నీమ్‌ని పిలిచారు. ఆ పిల్లని అప్పుడే మొదటిసారి చూశాను. సన్నగా, పొడుగ్గా, యూనిఫాం చేతులు పొట్టి. పుస్తకం అక్కడే చేతికిచ్చారు, అంతకుముందు చూడలేదు. అరవై ఒకటో పేజీ తెరిచి, నవ్వుతూ మైకు దగ్గరికి వచ్చింది. మొదటి వాక్యం చదివింది. నవ్వు పోయింది. పేజీ పైన ఎవరి పేరుందో చూసుకుంది. తన పేరే ఉంది.

"చదువమ్మా, సిగ్గుపడకు" అన్నాడు డాక్టరు వెనక నుంచి.

చదివింది. కుట్టుమిషను, కాయకట్టిన వేలు, జ్వరం, గిన్నె, అన్నీ చదివింది. అధమ్‌లా తడబడలేదు. నా ముందు వరుసలో ఒకావిడ ఏడ్చింది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది.

కిందికి దిగి నా దగ్గరికొచ్చింది. దిద్దింది నేనేనని ఎవరో చెప్పి ఉంటారు. పుస్తకంలో వేలు పెట్టుకుని పేజీ తెరిచి చూపించింది. కోపంగా లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"అబ్లా, ఇది ఎవరి అమ్మ?"

"ఎవరో మంచి అమ్మలే తల్లీ" అన్నాను.

నా నోరు పడిపోను. ఇంతకాలం పాఠాలు చెప్పిన ఈ నోటికి వచ్చిన మాట అదా?

గుమ్మం దగ్గర ఇన్సాఫ్ పట్టుకుంది. మెళ్ళో కొత్త స్కార్ఫు, మొహం ఎర్రగా ఉంది.

"ఇద్దరాడవాళ్ళు నన్ను ఆపి గౌన్లు కుట్టిపెడతావా అని అడిగారు అబ్లా. నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. ఏంటిది? నేను రాసిచ్చింది ఇది కాదే. నా కూతురు తను రాసిందీ కాదంటోంది. ఈ జ్వరం ఎవరిది?"

"నేను రాశాను."

ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "వెనిగరు ఎక్కువైంది" అంది.

అప్పుడు బ్యాగులోంచి ఆ కాగితం తీసిచ్చాను. అక్కడే గోడకి ఆనుకుని చదివింది. జనం తోసుకుంటూ పోతున్నారు, ఒకాయన గిన్నెల డబ్బా ఆవిడ భుజానికి తగిలింది, ఆవిడ కదల్లేదు. చదివి, మడిచి, మళ్ళీ విప్పింది.

"ఏ రోజిది?" అంది.

"అందులో లేదు."

"మిషను పక్కన పడుకోవడం గుర్తుంది. చలికి పడుకుంది అనుకున్నాను. చదివి వినిపించాను కూడా. చెయ్యి వేసి చూడలేదు అబ్లా. పక్కనే ఉంది, చెయ్యి చాస్తే అందుతుంది." కాగితం తిరగేసి వెనక చూసింది. "ఏ రోజో గుర్తు రావడం లేదు."

ఆవిడ కాగితం ఎత్తి నాకు చూపించింది.

"మరి దీన్ని ఎందుకు వెయ్యలేదు మీరు?"

"నీ షాపు మూయించేస్తారని."

కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. ఆ నవ్వు నాకు ఇంకా వినిపిస్తోంది. "ఎవరు మూయిస్తారు? ఆ మూయించే ఆయన కూతురు మీ పుస్తకంలో పన్నెండో పేజీలో ఉంది. ఈ హాల్లో నా మీద ఫిర్యాదు చెయ్యాలంటే ముందు నా దగ్గర రాయించుకున్నామని ఒప్పుకోవాలి కదా. ఎవడొప్పుకుంటాడు?"

అంతే. అంత చిన్న విషయం. నాకు తట్టలేదా, తట్టకూడదనుకున్నానా?

"ఒక్క మాట అడగాల్సింది అబ్లా నన్ను" అంది వెళ్ళిపోతూ. "అడగడానికే వచ్చారు కదా ఆ రోజు. ఎర్రపెన్ను కొనుక్కుని పోయారు."

మార్చి 22

నెలరోజులుగా ఈ డైరీలో అందరినీ ఛీ అన్నాను. పిల్లల్ని, ట్యూషన్లని, డాక్టర్ని. ఇరవై తొమ్మిది జ్వరాలు ఆవిడ బతుకుతెరువు కోసం రాసింది. ముప్ఫయ్యోది నేను దేనికి రాశాను? షాపు కోసం కాదు. 'సుహైరమ్మా' అని పిలిచి కాఫీ ఇచ్చే ఆ గదిలోకి మళ్ళీ పిలవరేమోనని రాశాను. ఛీ నా బతుకు.

మార్చి 23

పొద్దున్నే ప్రెస్సుకి వెళ్ళాను. హాల్లో పంచినవి పోగా మిగిలిన పుస్తకాలు కట్టలు కట్టి ఉన్నాయి. ఊరూరి బడి లైబ్రరీలకి వెళ్ళాల్సినవి.

"వగీహ్, వీటికి తప్పొప్పుల చీటీ అంటించారా?"

"ఇంకా లేదు మేడమ్. మీరు రాసివ్వలేదుగా."

"రాసి తెచ్చాను. కొంచెం పెద్దది."

డైరీలోంచి తస్నీమ్ వ్యాసం ఎత్తి రాసిన ఆ కాగితం తీసుకుని చదివాడు. చాలాసేపటి తర్వాత మొహంలో వెలుగొచ్చింది. "మా మిషను మీద వేస్తే ఓనరు చూస్తాడు. బయట కాపీలు తీయించండి. అంటించడం నేను చూసుకుంటాను" అని, అడక్కుండానే టీ చెప్పాడు, చక్కెర రెండు చెంచాలు.

మార్చి 24

బయట అంటే ఇంకెక్కడ.

బడి వదిలాక వెళ్ళాను. చీటీగా వెయ్యనా అని ఈసారి తల్లినీ కూతుర్నీ అడిగాను. తస్నీమ్ షట్టరు సగానికి దించింది. తన కాగితాన్ని తనే అద్దం మీద బోర్లా పెట్టింది, చేతిరాత చేతిరాతగానే. పైన నేను మూడు వాక్యాలు రాసి సంతకం పెట్టాను: '61వ పేజీ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం వరకు తప్పు. తప్పు దిద్దినవారిది. ఒప్పు ఇది.'

మిషను మొదలైంది. ఇన్సాఫ్ గిన్నెలో వేలు ముంచి లెక్కపెడుతోంది. నేను మడతలు పెడుతున్నాను.

ఫోన్ మోగింది. డాక్టరు. ప్రెస్సులో ఆయనకి ఎవరున్నారో ఆ దేవుడికే తెలియాలి.

"ఏదో చీటీ అంటున్నారు. అది ఆపండి సుహైరమ్మా."

"ఆపేస్తాను డాక్టరుగారూ. ఎందుకు ఆపాలో కారణం ఒక కాగితం మీద రాసి పంపండి. సంతకం మర్చిపోకండి. కామాలు నేను చూసుకుంటాను."

అవతల ఊపిరి వినిపించింది. తర్వాత ఫోను పెట్టేశాడు. ఇన్సాఫ్ తలెత్తి నా వైపు చూసి, మళ్ళీ లెక్కలో పడింది. ఆ గదిలో కాఫీ ఇంక లేదు, సరే.

సగం కట్ట అయ్యాక ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"గురువారం" అంది.

"ఏంటమ్మా?" అంది తస్నీమ్.

"గురువారం అది. బయట కారు హారను కొడుతూనే ఉన్నాడు డ్రైవరు, తొందరగా ఇమ్మని. అధమ్ వాళ్ళ డ్రైవరు." కూతురి వైపు చూడలేకపోయింది. "నీకు చదివి వినిపించింది అధమ్ జ్వరం."

ఇన్సాఫ్ చెవి మీది పెన్సిలు తీసింది. అద్దం మీంచి అసలు కాగితం ఎత్తి, 'ఈ చలికాలం' అన్న మాట వెతికి, "ఇక్కడ గురువారం అని చేరుస్తాను. ఆ హారను కూడా పెడితే బలంగా ఉంటుంది. చివర్లో నేను నీ నుదుటి మీద..." అంటూ వంగింది.

తస్నీమ్ చెయ్యి పట్టుకుంది. మెల్లగానే.

"వద్దమ్మా. ఇది నేను రాసింది."

నా బ్యాగులో ఎర్రపెన్ను ఉంది, ఈ షాపులో కొన్నదే. రెండో పేరాలో ఒక కామా పోయిందని ఫిబ్రవరి నుంచీ నాకు తెలుసు. బ్యాగు జిప్పు వేసేశాను.

ఇన్సాఫ్ కూతురి చెయ్యి తన చేతిమీద ఉండగానే కాసేపు నిలబడింది. తర్వాత పెన్సిలు కౌంటరు మీద పెట్టేసి, గిన్నెలో వేలు తడుపుకుని, కట్ట మొదటి నుంచి మళ్ళీ లెక్కపెట్టడం మొదలుపెట్టింది.